పూటకూళ్ల ఇంటి తరువాత ఎక్కడికి?



మంచి సమరయుని కథ మనలో తెలియనివారు లేరు. సండే స్కూలు పిల్లలు ఆ నాటకం ప్రతి ఏడూ వేస్తారు. దొంగల వేషానికి పోటీపడతారు. యాజకుడు, లేవీయుడు, సమరయుడు, ఆఖరికి గాడిద వేషానికి కూడా పిల్లలు దొరుకుతారు. పూటకూళ్లవాడి వేషానికి మాత్రం ఎవరూ ముందుకు రారు. రెండు దేనారములు అందుకుని తల ఊపడమే అతని పని అనుకుంటారు. కానీ కథను నిదానంగా చదవండి. సమరయుడు మరునాడు డబ్బు ఇచ్చి, మళ్లీ వస్తానని చెప్పి తన దారిన వెళ్లిపోయాడు. ఆ తరువాత కట్లు మార్చింది, గంజి పట్టింది, రాత్రిపూట మూలుగు వినబడితే లేచి చూసింది పూటకూళ్లవాడే అయి ఉండాలి.

నూనె, ద్రాక్షారసము పోసి కట్లు కట్టే పని మా ఆసుపత్రి చేస్తుంది. ఆసుపత్రి వెనుక పాత నర్సుల క్వార్టర్సులో మేము నడుపుతున్న స్త్రీల ఇల్లు పూటకూళ్లవాడి పని చేస్తుంది. ఈ రెండింటికీ మీరు కానుకలిస్తున్నారు, ప్రార్థిస్తున్నారు. అందుకు మేము కృతజ్ఞులం. అయితే ఈ సంచికలో మేము రాయదలచింది మూడో సంగతి. ఆ గాయపడినవాడు కోలుకున్నాక ఎక్కడికి వెళ్లాడు? కథలో ఆ మాట లేదు. అతనికి ఇల్లు ఉండే ఉంటుంది. మా దగ్గరకు వచ్చే స్త్రీలలో చాలామందికి ఆ ఇల్లే గాయపడిన చోటు. మా ఇంటిలోకి వచ్చే తలుపు మేము తీయగలం. బయటకు వెళ్లే తలుపు తాళంచెవి మాత్రం మీ దగ్గర ఉంది. ఈ మాట ఎందుకంటున్నామో కాస్త ఓపికగా చదవమని మనవి.

ఎవరు వస్తారు?

ఎక్కువమంది క్యాజువాలిటీ గుండానే వస్తారు. "బాత్రూములో జారిపడ్డాను సిస్టరమ్మా" అంటారు. జారిపడితే మణికట్టు విరగవచ్చు, తుంటికి దెబ్బ తగలవచ్చు. రెండు ముంజేతుల బయటివైపున వరుసగా కమిలిన మచ్చలు ఉంటే అవి జారిపడిన దెబ్బలు కావని నర్సులకు తెలుసు. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నప్పుడు తగిలిన దెబ్బలవి. కర్ణభేరి పగిలి వచ్చేవారు ఉంటారు. పురుగుల మందు తాగి ప్రాణాలు దక్కించుకున్నవారు ఉంటారు. భర్త చనిపోయిన నెల తిరగకుండానే పిల్లలతో సహా గుమ్మం బయటకు వచ్చిన వితంతువులు ఉంటారు. హెచ్.ఐ.వి. ఉందని తెలిసి పుట్టింటివారూ అత్తింటివారూ వద్దన్నవారు ఉంటారు. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లి, పంపిన డబ్బు ఏమైందో తెలియక, తిరిగి వచ్చేసరికి తమ చోటులో మరొకరు ఉండగా చూసినవారూ ఉన్నారు.

2019-21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో పెళ్లయిన 18-49 ఏళ్ల స్త్రీలలో నూటికి సుమారు 29 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు హింసకు గురయ్యామని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది సుమారు 30, తెలంగాణలో సుమారు 37. అడిగితే చెప్పినవారి లెక్క ఇది. ఆదివారం మన గుడిలో బెంచీల మీద కూర్చునేవారు ఈ లెక్కకు బయట ఉన్నారని అనుకోవడానికి మాకు ఏ ఆధారమూ కనబడలేదు.

ఇక్కడ ఆరోగ్యరీత్యా ఒక హెచ్చరిక. భర్త గాని మరెవరైనా గాని మెడ పట్టుకుని నులిమితే, పైకి మచ్చ కనబడకపోయినా వెంటనే ఆసుపత్రికి రావాలి. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టం కావడం, కళ్లలో ఎర్రటి చుక్కలు, ఆ సమయంలో స్పృహ తప్పడం ప్రమాద సూచనలు. ఒకసారి మెడ నులిమిన చెయ్యి మరొకసారి ప్రాణం తీసే ప్రమాదం ఎక్కువని వైద్యులకు తెలుసు. "కోపంలో అలా చేశాడు, పోనీలే" అని తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు.

కోలుకోవడానికి పట్టే కాలం

మా ఇంటికి మొదట మేము పెట్టుకున్న నియమం ఆరు నెలలు. ఎనిమిది మంచాలే ఉన్నాయి, ఎందరో రావలసినవారు ఉంటారు, కాబట్టి ఒకరు ఆరు నెలలలో వెళ్లాలి అనుకున్నాం. "ఇంకా ఎన్నాళ్లుంచుతారు వాళ్లను?" అని సంఘంలో కొందరు అడుగుతుంటారు. వారి కోసం ఈ లెక్క చెబుతున్నాం.

వచ్చిన మొదటి వారం చాలామంది నిద్రపోతారు. పగలూ రాత్రీ నిద్రే. సోమరితనమని కొత్తగా చేరిన ఆయాలు విసుక్కుంటారు. ఏళ్ల తరబడి అడుగుల చప్పుడు వింటూ పడుకున్న మనిషికి గడియ వేసిన గదిలో దొరికిన మొదటి నిద్ర అది. కొందరికి దీనికి తారుమారుగా నిద్రే రాదు. తలుపు కొట్టిన చప్పుడుకే ఒళ్లు చెమటలు పడుతుంది.

రక్తం పరీక్ష చేస్తే చాలామందికి రక్తహీనత. ఐరన్ మాత్రలు ఇస్తాం. టీతో కలిపి వేసుకుంటే అవి ఒంటికి సరిగా పట్టవు, టీకి మాత్రకు మధ్య కనీసం గంటైనా ఎడం ఉండాలి. రక్తం మామూలుకు వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడితేనే ఒంట్లో నిల్వ చేరుతుంది. మానసిక కుంగుబాటుకు డాక్టరుగారు మందు రాస్తే, గుణం తెలియడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కుదుటపడ్డాక కూడా సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి, ఒక్కసారిగా మానకూడదు. తల్లితో వచ్చిన ఏడేళ్ల పిల్లవాడు మళ్లీ పక్క తడపడం మొదలుపెడతాడు. కొడితే అది తగ్గదు. భయం తగ్గాలి.

ఒళ్లు బాగుపడుతుండగానే కాగితాల పని మొదలవుతుంది. ఆధార్ కార్డు అత్తింట్లో ఉండిపోయింది. రేషన్ కార్డులో పేరు అక్కడే ఉంది. పిల్లవాడి టీసీ పాత బడిలో ఉంది. బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉందో తెలియదు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని కింద వేసిన దరఖాస్తును మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని ఆ చట్టంలోనే ఉంది. కోర్టు వరండాలో మేము కూర్చున్న రోజులు లెక్కపెడితే 60 ఎప్పుడో దాటిపోయాయి. వీటన్నిటికీ మధ్య ఆమె పని వెతుక్కోవాలి, పనిలో కుదురుకోవాలి, నాలుగు రాళ్లు వెనకేసుకోవాలి. ఇప్పుడు చెప్పండి, ఆరు నెలలు చాలునా?

అందువల్ల ఆ నియమాన్ని సడలించాం. కొందరు మూడు నెలల్లో వెళ్లారు. ఒకామె ఏడాదిన్నర ఉంది. ఎంత కాలం ఉందని మేమిప్పుడు లెక్కపెట్టడం లేదు. వెళ్లినప్పుడు ఎక్కడికి వెళ్లిందన్నదే చూస్తున్నాం.

మేము చేసిన పొరపాట్లు

మిమ్మల్ని అడిగే ముందు మా తప్పులు ఒప్పుకోవడం న్యాయం.

మొదట్లో గేటుకు లోపలి నుంచి తాళం వేసేవాళ్లం. భద్రత కోసమే. ఒకరోజు ఒక చిన్నామె, "అక్కడా తాళమే, ఇక్కడా తాళమే కదమ్మా" అంది. ఇప్పుడు రాత్రి 9 తరువాత మాత్రమే తాళం వేస్తాం. తాళంచెవి గోడకు, అందరికీ తెలిసిన మేకుకు ఉంటుంది.

ఉదయ ప్రార్థనకు హాజరు వేసేవాళ్లం. రెండు నెలలు క్రమం తప్పకుండా వచ్చిన ఒకామె, రాకపోతే టిఫిను పెట్టరేమోనని వచ్చానని తరువాత చెప్పింది. ఆమె మన మతస్థురాలు కాదు. సిగ్గుపడ్డాం. సమరయుడు కట్లు కట్టే ముందు గాయపడినవాణ్ణి నీదే గుడి అని అడగలేదు. ఇప్పుడు గంట మోగుతుంది. రావాలనుకున్నవారు వస్తారు. మునుపటికన్నా తక్కువమంది వస్తారు, కాని వచ్చినవారు తమంతట తామే వస్తారు.

వచ్చిన ప్రతివారికీ కుట్టుమిషను నేర్పేవాళ్లం. దాతలు మిషన్లు ఇచ్చారు, అందువల్ల అదే నేర్పాం. రెడీమేడ్ బట్టలు వచ్చాక ఊళ్లో పాత టైలర్లకే పని తగ్గిందని ఆలోచించలేదు. ఇప్పుడు, నీకు ఏ పని వచ్చు అని ముందు అడుగుతున్నాం. ఒకామె పచ్చళ్లు పెట్టడంలో దిట్ట. ఒకామె పదో తరగతి పాసైంది, మందుల షాపులో కుదిరింది. మంచాన పడిన అత్తగారికి మూడేళ్లు ఒళ్లు తుడిచి, అన్నం పెట్టి సాకిన ఒకామె ఇప్పుడు అదే పని జీతానికి చేస్తోంది.

ఇవి చిన్న పొరపాట్లు. పెద్దది ఇంకొకటి ఉంది.

రాజీ కుదిర్చిన సాయంత్రం

కొన్నేళ్ల క్రితం ఇద్దరు పిల్లలతో ఒకామె మా దగ్గర ఉండేది. ఒక సాయంత్రం భర్త, ఇరువైపుల పెద్దలు, మాకు తెలిసిన సంఘస్థులు వచ్చారు. భర్త మోకరించి ఏడ్చాడు. అందరికీ కళ్లు చెమ్మగిల్లాయి. ప్రార్థన జరిగింది, టీలు తాగాం. "ఏమ్మా, వెళతావా?" అని ఆమెను అడిగాం. ఇరవై మంది ముందు అడిగాం. ఆమె తల ఊపింది. పిల్లల బట్టలు సర్దడానికి మేమే సాయం చేశాం. విడిపోయిన సంసారం నిలిపామని ఆ రాత్రి సంతోషపడ్డాం కూడా.

పదకొండో రోజున ఆమెను స్ట్రెచరు మీద తీసుకొచ్చారు. బతికింది. ఎడమ చెయ్యి నేటికీ పూర్తిగా చాపలేదు. తేరుకున్నాక మేము క్షమాపణ అడిగితే ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "అంతమంది ఉన్నారు కదమ్మా, కాదని ఎట్లా అంటాను?" అంది.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. వెళతావా అన్న ప్రశ్న ఆమెను ఒంటరిగా అడుగుతాం. వేరు వేరు రోజుల్లో మూడుసార్లు అడుగుతాం. గదిలో బంధువులు గాని పెద్దలు గాని ఉండరు. వద్దు అంటే కారణం చెప్పమని అడగం. వెళతాను అంటే ఆపం, కోపగించుకోం. వెళ్లేవారిలో కొందరి సంసారాలు నిజంగానే బాగుపడ్డాయి. ముఖ్యంగా తాగుడు మానిన ఇళ్లలో చూశాం. కాని వెళ్లేముందు మా ఫోను నంబరు ఆమెకు కంఠస్థం వచ్చి ఉండాలి. కాగితాల నకళ్లు ఒక సంచిలో మా దగ్గర ఉంటాయి. ఎప్పుడు వచ్చినా ఎందుకు వచ్చావని అడగమని ఆమెకు తెలిసి ఉండాలి.

"మీరు సంసారాలు విడగొడుతున్నారు" అన్న మాట మా చెవిన పడుతూనే ఉంటుంది. అన్నవారు చెడ్డవారు కారు. వివాహ ప్రమాణాన్ని గౌరవించేవారే. మేమూ గౌరవిస్తాం. ఆ ప్రమాణం ఇద్దరు చేశారు. కొట్టిన రోజున దాన్ని ఎవరు మీరారో ముందు అడగాలి, ఇంటి నుంచి వచ్చేసిన రోజున మాత్రమే అడిగితే చాలదు. మన క్రైస్తవ వివాహాలకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001లో సవరణ వచ్చేవరకు, భర్త కొడుతున్నాడన్న ఒక్క కారణంతో భార్యకు విడాకులు దొరికేవి కావు. క్రూరత్వంతోపాటు వ్యభిచారం కూడా రుజువు చేయవలసి వచ్చేది. అంటే ఎంత కొట్టినా అది ఒక్కటే చాలదని చట్టమే అనేది. చట్టం 2001లో మారింది. మన పంచాయితీలు ఇంకా మారలేదు.

విడాకులు తీసుకొమ్మని మేము ఎవరికీ చెప్పం. అది ఆమె నిర్ణయం. కాని ఆమె హక్కులు ఆమెకు తెలియాలి. 2005 చట్టం ప్రకారం, ఇల్లు తన పేర లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా సరే, అందులో కాపురమున్న కోడలు నివాస హక్కు కోరవచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా లాయరును ఏర్పాటు చేస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగవచ్చు.

సాక్ష్యం అడగవద్దు

స్త్రీల సమాజం వారు ప్రేమతో పిలుస్తారు. "మీ ఇంట్లో ఉన్న ఒక అమ్మాయిని పంపండి, సాక్ష్యం చెబుతుంది, అందరికీ ఆదరణగా ఉంటుంది" అంటారు. మేము వద్దంటే నొచ్చుకుంటారు. మేము వద్దనేది ఎందుకంటే, ఆ రోజు విన్న కథ మరునాటికి సంతలో ఉంటుంది. ఆమె కూతురు బడికి వెళితే అక్కడా ఉంటుంది. పైగా మన అన్నం తింటున్న మనిషి మనం అడిగితే కాదనలేదు. ఆ తల ఊపడం ఎలాంటిదో మేము ఒకసారి చూశాం.

ఆసుపత్రిలో మీ రోగం పేరు మైకులో చెప్పరు కదా. ఆమె గాయానికీ అదే మర్యాద ఇవ్వండి. ఎప్పుడైనా ఆమె తనంతట తాను చెప్పదలచుకుంటే చెబుతుంది. అప్పుడు వినండి.

అసలు సంగతి: ఒక గది

ఇల్లు నడపడంలో డబ్బు కష్టమే. రాత్రి గేటు దగ్గర తాగి వచ్చి అరిచే మనుషులతో వేగడం కష్టమే. కాని అన్నిటికన్నా కష్టం కోలుకున్న మనిషిని బయటకు పంపడం. ఈ మాట విని ఆశ్చర్యపోతారు. ఒక ఉదాహరణ చెబుతాం.

ఒకామె మా దగ్గర ఎనిమిది నెలలు ఉంది. ఒళ్లు బాగుపడింది. పనిలో కుదిరింది, నెల నెలా జీతం వస్తోంది. బ్యాంకులో రెండు నెలల అద్దెకు సరిపడా ఉంది. గది కోసం మాలో ఒకరు తోడు వెళ్లారు. మొత్తం పదకొండు ఇళ్లు చూశారు.

మొదటి ఇంట్లో "మీ ఆయన ఏం చేస్తారు?" అన్నారు. రెండో ఇంట్లో "మగదిక్కు లేకుండా ఎట్లా?" అన్నారు. ఒకచోట కులం అడిగారు. ఒకచోట అద్దె ఉన్నపళంగా పెంచారు. ఒకచోట అన్నీ కుదిరి, అడ్వాన్సు ఇచ్చే రోజున "మా అబ్బాయి వద్దంటున్నాడు" అన్నారు. పదో ఇల్లు మన సంఘస్థులదే. గోడకు వాక్యము రాసిన క్యాలెండరు ఉంది. వారూ వద్దన్నారు, చాలా మర్యాదగా అన్నారు, మజ్జిగ ఇచ్చి మరీ అన్నారు.

ఆమె మూడు నెలలు ఎక్కువగా మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ మూడు నెలలు ఆ మంచం ఖాళీ కాలేదు. ఆ సమయంలో క్యాజువాలిటీకి వచ్చిన మరొకామెకు చోటు లేదని చెప్పవలసి వచ్చింది. ప్రభుత్వం 2015 నుంచి నడుపుతున్న సఖి కేంద్రానికి ఆమెను పంపాం. అక్కడ మంచిగానే చూసుకుంటారు, కాని అక్కడి బస ఐదు రోజుల వరకే. అంతకుమించి ఉండవలసినవారికి స్వాధార్ గృహాలు ఉండేవి. 2022లో మిషన్ శక్తి కింద వాటి పేరు శక్తి సదన్ అయింది. అక్కడ కూడా చివరికి ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఇక్కడి నుంచి ఎక్కడికి?

పండిత రమాబాయి పేరు మీలో పెద్దలకు తెలుసు. 1889లో ముంబైలో శారదా సదన్ ప్రారంభించి, 1896-97 కరువు కాలంలో వందలాది స్త్రీలను, బాలికలను పుణె జిల్లా కేడ్గావ్‌లో చేర్చుకున్నారు. అదే ముక్తి మిషన్. అక్కడ పొలం ఉంది, మగ్గాలు ఉన్నాయి, అచ్చుయంత్రం ఉంది. ఆమె మరాఠీలోకి బైబిలు అనువదిస్తే అది అక్కడే అచ్చయింది. మేము ఆమెను ఎంతో గౌరవిస్తాం. అయితే ఆ ఇల్లు అంత పెద్దది ఎందుకు కావలసి వచ్చిందో కూడా ఆలోచించాలి. ఊరు చోటివ్వకపోతే ఆశ్రమమే ఊరంత పెరగవలసి వస్తుంది. రమాబాయి 1922లో కన్నుమూశారు. నూరేళ్లు దాటాక కూడా ఒంటరి స్త్రీకి ఊళ్లో ఒక గది దొరకకపోతే, మేము ఇంకో పది మంచాలు వేసి ఏం లాభం?

ఇంటివారి భయాలకు జవాబులు

మీ భయాలు మాకు తెలుసు. దాచుకోకుండా మాట్లాడుకుందాం.

"భర్త వచ్చి గొడవ చేస్తే?" ఇది ఉన్న భయమే, కాదనం. అందుకే అలాంటి ప్రమాదం ఇంకా ఉన్నవారిని మేము బయటకు పంపం. కోర్టు రక్షణ ఉత్తర్వు ఉంటే ఆ నకలు మీకు చూపిస్తాం, దాన్ని మీరితే అది నేరం. గొడవ జరిగితే 112కు ఫోను చేయండి, తరువాత మాకు చేయండి. ఏ రాత్రయినా మాలో ఒకరు వస్తారు.

"అద్దె కట్టకపోతే?" మొదటి ఆరు నెలలు ఆమె అద్దె ఆలస్యమైతే మా ఇంటి నిధి నుంచి కడతాం. కాగితం రాసి సంతకం చేస్తాం.

"ఏ జబ్బు ఉందో ఏమో?" ఎవరి జబ్బు సంగతీ మేము చెప్పం, మీ సంగతి కూడా ఎవరికీ చెప్పం. కాని ఆరోగ్య విషయంగా ఒకటి తెలుసుకోండి. ఒకే కుళాయి, ఒకే బాత్రూము, ఒకే పాత్రలు వాడినందువల్ల హెచ్.ఐ.వి. రాదు. పక్క పోర్షన్‌లో ఉన్నందువల్ల అసలే రాదు.

"ఆడపిల్లలున్న ఇల్లు, నలుగురు ఏమంటారు?" ఇది అన్నిటికన్నా బరువైన భయం. దీనికి చట్టం లేదు, మందు లేదు. ఒక సంగతి మాత్రం గుర్తు చేస్తాం. నయోమి, రూతు ఇద్దరూ మగదిక్కు లేకుండానే బేత్లెహేముకు వచ్చారు. ఊరంతా వారిని చూసి చెవులు కొరుక్కుంది. అయినా చోటు దొరికింది, పొలంలో పని దొరికింది. పనివారెవరూ ఆ చిన్నామె జోలికి పోకూడదని పొలం యజమాని కట్టడి చేశాడు. నలుగురు ఏమంటారో అని ఆయన ఆగి ఉంటే ఆ గ్రంథం మొదటి అధ్యాయంతోనే ఆగిపోయేది. మీ ఆడపిల్లలు కూడా చూస్తున్నారు. రేపు తమకే కష్టం వస్తే ఈ ఇంట్లో తలుపు తీస్తారా లేదా అని వాళ్లు ఈ రోజే నేర్చుకుంటారు.

పదకొండో ఇల్లు ఎవరిదో చెప్పాలి. రిటైరైన ఒక పెద్ద టీచరమ్మ ఒంటరిగా ఉంటున్నారు. వెనుక పోర్షన్ ఇచ్చారు. ఉచితంగా ఇవ్వలేదు, ఆ వీధిలో నడిచే అద్దెకే ఇచ్చారు. అదే మాకు నచ్చింది. అద్దె కట్టే మనిషి తల ఎత్తుకుని ఉంటుంది. ఏడాది దాటింది. టీచరమ్మగారిని పలకరిస్తే ఒకటే ఫిర్యాదు: తెల్లవారుజామున ఐదింటికే నీళ్ల డ్రమ్ము చప్పుడు చేస్తుందట. చలికాలంలో టీచరమ్మగారికి ఆయాసం వస్తే రాత్రి ఆటో పిలిచి ఆసుపత్రికి తెచ్చింది మాత్రం ఆ డ్రమ్ము మనిషే.

మేము అడిగేది

క్రిస్మస్‌కు చీరలు, బిరియానీ పొట్లాలు ఎక్కువగానే వస్తాయి. వద్దనం. కాని ఈ ఏడు వాటికి ముందు ఈ నాలుగు సంగతులు ఆలోచించమని కోరుతున్నాం.

ఒకటి, మీకు అద్దెకిచ్చే గది గాని పోర్షన్ గాని ఉంటే, అది ఖాళీ అయినప్పుడు బోర్డు పెట్టే ముందు మాకు ఒక మాట చెప్పండి. నచ్చకపోతే కాదనండి, కాని ఆమెను చూసి, మాట్లాడి ఆ తరువాత కాదనండి.

రెండు, గది లేనివారు అడ్వాన్సు నిధికి ఇవ్వవచ్చు. ఒకామె అడ్వాన్సు తిరిగి వస్తే ఆ డబ్బే ఇంకొకామెకు వెళుతుంది. ఆ రెండు దేనారములు అలా తిరుగుతూనే ఉంటాయి.

మూడు, షాపు, బడి, క్లినిక్కు, క్యాంటీను నడిపేవారు ఒక ఉద్యోగం ఇవ్వండి. జాలితో తక్కువ జీతం వద్దు, అందరికీ ఇచ్చేదే ఇవ్వండి.

నాలుగు, సంఘ పెద్దలు ఏదైనా ఇంటి గొడవలో కూర్చోవలసి వస్తే, ముందు ఆమెతో ఒక స్త్రీని ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆ తరువాతే అందరూ కూర్చోండి. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు.

ఈ పేజీ చదువుతున్నవారిలో ఎవరికైనా ఇది సొంత సంగతి అయితే, ఓపీ చీటీ రాసే దగ్గర ఏమీ చెప్పనవసరం లేదు. "వెనుక ఇంటి సిస్టరమ్మతో మాట్లాడాలి" అంటే చాలు. రాలేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది. ప్రాణాపాయం ఉంటే 112. బతకాలనిపించకపోతే టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సమరయుడు మళ్లీ వస్తానన్నాడు. వచ్చినప్పుడు పూటకూళ్లవాడిని ఏమి అడిగి ఉంటాడా అని మేము అప్పుడప్పుడు అనుకుంటాం. ఖర్చు ఎంతయిందని అడుగుతాడు, అది సరే. ఆ మనిషి ఎక్కడున్నాడని కూడా అడుగుతాడు. అప్పుడు మేము ఒక మంచం వైపు చూపించవలసి రాకూడదు. ఒక వీధి పేరు, ఒక ఇంటి నంబరు చెప్పగలగాలి. అది మీ వీధి కావాలని మా ప్రార్థన.

దేవుడు మీ కుటుంబములను దీవించును గాక.